క్వార్కుల లెక్క వేసిన మా వదిన

మా వదిన పోయిందన్న కబురు పోయిన వారం పొద్దున్నే వచ్చింది. నల్గొండ నుంచి మేనకోడలు ఫోన్ చేసి "అత్తా, అమ్మ పోయింది" అని ఆగిపోయింది. కాసేపటికి తనే తేరుకుని చెప్పింది. "పొద్దుగాల మంచిగనే లేసింది. చాయ తాగింది. పేపరు తెమ్మన్నది. గేటు దాక పొయ్యి తెచ్చేసరికి కుర్చీలనే..."

ఎనభై దాటిన మనిషి. మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోయిందని వచ్చినవాళ్లంతా అన్నారు. నల్గొండ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పింది కాబట్టి, చివరి చూపుకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్ల తలలూ నెరిసిపోయాయి. ప్రహరీ గోడ నీడలో నిలబడి ఆమె కోపం గురించి, క్లాసులో ఆమె అడిగే ప్రశ్నల గురించి చెప్పుకుంటున్నారు. వాళ్లు చూడని వదినను నేను చూశాను. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ రోజులు తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర ఊరు. గొర్లు, కొంత మెట్ట చేను. నాయిన నా చిన్నతనంలోనే పోయాడు. గొర్లనూ చేనునూ మమ్మల్నీ అమ్మ ఒక్కతే చూసుకుంది. అన్న ఓవర్సీరు పరీక్ష పాసై, నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతుంటే అక్కడ కొలువులో చేరాడు. వదినది పాలమూరు. తండ్రి బడిపంతులు. ఆమెను హైదరాబాదులో ఉంచి ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. దాకా చదివించాడు. మా వాళ్లలో అంత చదివిన ఆడపిల్ల అప్పటికి ఇంకొకరు లేరు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు ఆమె మా అన్నను అందరి ముందూ అడిగింది.

"పెండ్లయినంక నేను పాఠాలు చెప్పుడు బంద్ చెయ్యమంటరా?"

"నన్ను ఆనకట్ట కట్టుడు బంద్ చెయ్యమంటవా?" అన్నాడు అన్న.

సంబంధం అక్కడే కుదిరిపోయింది. వదినకు నల్గొండ కాలేజీలో లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చింది. నల్గొండలోనే రామగిరిలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. అన్న నందికొండ క్యాంపులో ఉండి, ఆదివారాలు బస్సు దొరికితే బస్సులో, లేకపోతే ప్రాజెక్టు లారీలో వచ్చేవాడు. నేను అదే కాలేజీలో పీయూసీలో చేరి వదిన దగ్గరే ఉండిపోయాను.

క్వార్క్ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆ ఇంట్లోనే. అరవైల నడుమ అది ప్రపంచానికే కొత్త మాట. సెలవులొస్తే వదిన హైదరాబాదు వెళ్లి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని, బయటి దేశాల నుంచి ఆలస్యంగా వచ్చే పత్రికల్లోని వ్యాసాలు చేత్తో రాసుకుని తెచ్చేది. ఒకరోజు నేను జొన్నల్లో రాళ్లు ఏరుతుంటే పక్కన వచ్చి కూర్చుంది. ముఖమంతా వెలుగు.

"విన్నవా పిల్లా, ప్రోటాన్ల మూడు క్వార్కులు ఉన్నయంటున్నరు."

"ప్రోటాన్ పగలదని మొన్న క్లాసుల నువ్వే చెప్పినవ్ గద."

"పగలదు. గదే తమాషా. లోపల మూడున్నయనుకుంటె లెక్కలన్ని కుదురుతున్నయి. ప్రోటాన్ను ఎంత గట్టిగ కొట్టినా మూడిట్ల ఒక్కటి గూడ బయటికొస్తలేదు."

"అసలు లేవేమో."

"లేకుంటే లెక్కలు గింత మంచిగ ఎందుకు కుదురుతయి?"

"ఉంటే రావాలె గద వదినా."

"గదే నేనడిగేది," అని నా చేటలోంచి జొన్నలు తీసుకుని తనూ ఏరడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె ఏరినదాంట్లో రాళ్లు అట్లాగే మిగిలాయి. అన్నం తింటుంటే పంటికి తగిలి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. అప్పట్లో పెద్ద శాస్త్రవేత్తలు రెండు మూడు తీర్లుగా చెప్పేవాళ్లు. క్వార్కులు లెక్క కోసం కల్పించుకున్నవే తప్ప నిజంగా లేవని కొందరు. ఉన్నాయిగాని మహా బరువైనవి, వాటిని విడదీసే బలం మన యంత్రాలకు ఇంకా రాలేదని కొందరు. వదినకు ఈ రెండూ నచ్చలేదు. మనకు తెలిసిన బలాలన్నీ దూరం పెరిగేకొద్దీ తగ్గుతాయి. అయస్కాంతాన్ని దూరం జరిపితే మేకును వదిలేస్తుంది. క్వార్కుల మధ్య బలం అట్లా తగ్గకపోతే? ఎంత దూరం లాగినా అదే గట్టితనంతో వెనక్కి గుంజుతుంటే? అప్పుడు వాటిని విడదీయడానికి ప్రపంచంలో ఉన్న శక్తంతా పెట్టినా చాలదు. ఆ ఊహను సమీకరణంగా రాసి, దాన్నుంచి ఏయే కణాలు ఎంతెంత బరువుతో ఉండాలో లెక్కకట్టి, ప్రయోగశాలల్లో దొరికిన కణాల బరువులతో పోల్చి చూడాలనుకుంది.

మా దగ్గర కంప్యూటరు లేదు. కనీసం చేత్తో తిప్పే లెక్కల యంత్రమూ లేదు. లాగరిథం టేబుళ్లున్నాయి, నేనున్నాను. పొద్దున పంపు స్టవ్ మీద చాయ పెట్టుకుని కూర్చునేవాళ్లం. వదిన సమీకరణాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఇచ్చేది. నేను టేబుల్ చూసి అంకెలు వేసేదాన్ని. కాలేజీకి టైమయ్యేదాకా అదే పని. ఎక్కడో ఒక దశాంశం తప్పుతుంది. వారం పని పోతుంది. నాకు ఏడుపొచ్చేది.

"ఏడుస్తవెందుకు? లెక్క అలుగుతదా? మల్ల పోయి అడుగుదాం," అనేది వదిన. ఆ మాట నేను బడిలో పనిచేసినన్నాళ్లూ పిల్లలతో అన్నాను.

ఇంట్లో చుట్టాల మాటలు వేరే. కడుపుతో ఉన్న పిల్ల తెల్లారి లేచి కాగితాల ముందు కూర్చోవడమేమిటని మా మేనమామ భార్య అమ్మకు నూరిపోసింది. కాలేజీలో ఒక పెద్దాయన స్టాఫ్‌రూంలో నవ్వుతూనే అన్నాడట, "డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటందుకు గింత ఎందుకమ్మా?" అని. వదిన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి, తనేమందో కూడా చెప్పింది. "డిగ్రీ పిల్లలు అడుగుతరు గద సార్, అవి ఎందుకొస్తలేవని. ఏం చెప్పమంటరు?"

మేనకోడలు పుట్టింది. అమ్మ గొర్లను పాలివాళ్లకు అప్పగించి పిల్లను చూసుకోవడానికి వచ్చి మాతో ఉంది. మొదట్లో అమ్మ వదినతో ముక్తసరిగానే మాట్లాడేది. చుట్టాల మాటలు ఆమె మనసులోనూ ఉన్నాయి. ఐతే రోజూ మా ఇద్దరినీ చూస్తూ చూస్తూ ఒకనాడు నన్నడిగింది. "గీమె ఏం దేవులాడుతాంది?" నాకు తెలిసినంత చెప్పాను. అంతా విని, "దొరికేదాక ఇడువదు గీమె. మొండిది," అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకు అప్పుడు తెలియలేదు.

పిల్లకు నాలుగో నెల నడుస్తుండగా యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. వదినకు అక్కడ చదువు చెప్పిన సారు ఒకాయన, ఆమె పని సంగతి విని, సెమినార్‌లో వచ్చి చెప్పమన్నాడు. వదిన సంతోషం చూడాలి. అంతలోనే పిల్ల వైపు చూసి నీరుగారిపోయింది. అన్నకు ఆనకట్ట మీద పని ముమ్మరంగా ఉంది, సెలవు దొరకదు. పాలు తాగే పిల్లను వదిలి వదిన పోవడానికి లేదు. తీసుకుపోతే పాఠం చెప్పేటప్పుడు ఎవరు పట్టుకుంటారు?

"మల్లొక్కసారి పిలుస్తరు తియ్," అన్నాడు అన్న.

పొయ్యి ముందు కూర్చున్న అమ్మ ఇటు తిరిగింది. "మల్ల ఎందుకు పిలుస్తరు? పిలిచినప్పుడే పోవాలె. నేనొస్త పా బిడ్డా. పిల్లను నేను పట్టుకుంట."

"నువ్వు పట్నం ఎన్నడన్న చూసినవా అత్తమ్మా?" అంది వదిన.

"నేను పట్నం చూసేటందుకు వస్తలేను. నువ్వు చెప్పుకునేది చెప్పుకో."

అట్లా నలుగురం బస్సెక్కాం. వదిన, అమ్మ, పసిపిల్ల, లెక్కల కాగితాలు పట్టుకుని నేను. దారిపొడుగునా అమ్మ కిటికీలోంచి చూసి, ఎవరి మంద బాగుందో ఎవరి మంద బక్కగా ఉందో చెబుతూనే ఉంది. వదిన పెదవులు కదుపుతూ పాఠం నెమరేసుకుంటూనే ఉంది.

సెమినార్ హాలు నిండిపోయింది. అందులో ఆడవాళ్లం మేమిద్దరమే. అమ్మ పిల్లను తీసుకుని బయట వరండాలో మెట్ల మీద కూర్చుంది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. వదిన ఇంగ్లీషులో మొదలుపెట్టింది. గొంతు మొదట వణికినా సుద్దముక్క బోర్డు మీద పెట్టాక నిలబడింది. బలం తగ్గకపోతే ఏమవుతుందో చెప్పింది. సమీకరణం రాసింది. మేం వేసిన అంకెల పక్కన ప్రయోగశాలల అంకెలు రాసింది. కొన్ని చాలా దగ్గరగా వచ్చాయి. ముందు వరసలో ఇద్దరు తలలూపడం చూసి నాకు ఒళ్లు పొంగింది.

సరిగ్గా అప్పుడు బయట పిల్ల ఏడుపు అందుకుంది. అమ్మ జోకొట్టే గొంతూ వినబడుతోంది. హాల్లో కొందరు వెనక్కి తిరిగి చూశారు, కొందరు నవ్వుకున్నారు. వదిన ఒక్క క్షణం ఆగింది. ఏడుపుకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడుస్తోందని నాకు మాత్రం తెలిసింది. పవిట నిండుగా లాక్కుని నడుముకు బిగించి, మళ్లీ బోర్డు వైపు తిరిగి రాసింది. చివరి వరుస దాకా రాసింది.

అయిపోయాక ముందు వరసలో కూర్చున్న పెద్ద ప్రొఫెసరు లేచాడు. కోస్తా వైపు మనిషి. మర్యాదగానే అడిగాడు. మీరు క్వార్కును లాగుతూ పోతున్నారు, దూరం పెరిగేకొద్దీ శక్తి పోగుపడుతోంది. తగినంత శక్తి పోగుపడితే అందులోంచి కొత్త కణం, దానికి జంటగా ప్రతికణం పుట్టాలి కదా. మీ సమీకరణంలో మొదటినుంచి చివరిదాకా మూడే ఉన్నాయి. కొత్తగా పుట్టినవి ఎక్కడ?

వదిన బోర్డు వైపు చూసింది. తను రాసిందంతా పైనుంచి కిందికి చదువుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "వాటికి నా సమీకరణంలో చోటు లేదు. ఎందుకు లేదో నాకు ఇప్పుడు తెలియదు. చూసుకుని చెప్తాను," అంది. కుర్రవాళ్లెవరో వెనక కిసుక్కుమన్నారు. వదిన కాగితాలు సర్దుకుని నేరుగా వరండాలోకి వెళ్లి పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

తిరుగు బస్సులో అమ్మే అడిగింది.

"ఓడిపోయినవా బిడ్డా?"

"లేదత్తమ్మా. ఆయన మంచి మాట అడిగిండు. నా దగ్గర జవాబు లేకుండె."

"మరి చూడరాదు, ఇంటికి పోయినంక."

"చూస్త."

అంతే. ఓదార్పు అంతకుమించి లేదు. వదినకు అక్కర్లేదని అమ్మకు అప్పటికే తెలిసినట్టుంది. ఇల్లు చేరిన మర్నాడే అమ్మ స్టవ్ ముట్టించి, చాయ పెట్టి, పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది. "మీరిద్దరు కూసోండ్రి," అని తలుపు దగ్గరేసింది. ఇంటికి వచ్చే చుట్టాల నోళ్లు కూడా ఆ రోజు నుంచి ఆమే మూయించింది. "మా కోడలు పనిల ఉన్నది, జర మెల్లగ మాట్లాడుండ్రి," అనేది.

ఆ ఏడాది పొడుగునా వదిన తన సమీకరణంతోనే కొట్లాడింది. కొత్త కణాలకు చోటు ఇవ్వాలని చూస్తే మొత్తం కుప్పకూలేది. ఇంకోవైపు నుంచి వస్తే అంకెలు అర్థం లేకుండా పెరిగిపోయేవి. మెల్లగా ఆమెకు ఇంకో సంగతి కనబడింది. మా అంకెలు ప్రయోగాల అంకెలకు దగ్గరగా రావడం కూడా గొప్ప కాదు. సమీకరణంలో రెండు రాశులను ఆమె కుదిరేదాకా మార్చుకుంటూ పోయింది. అట్లా మార్చుకునే వీలుంటే వేరే ఊహలతోనూ అవే జవాబులు వస్తాయి. దాన్ని కూడా నాచేత లెక్క వేయించి రుజువు చేసుకుంది. ఆ చివరి అంకె వేసి కాగితం వదిన ముందుకు జరిపాను. వదిన చూసి, "మంచిగ వేసినవ్. కరెక్టే," అంది.

తర్వాతి ఆదివారం అన్న వచ్చాడు. మళ్లీ హైదరాబాదు వెళ్లి, తన లెక్క తప్పని చెప్పి వస్తానంది వదిన.

"నిన్నెవరడుగుతున్నరు? గా సంగతి వాళ్లు ఎన్నడో మర్సిపోయిండ్రు. ఊకో," అన్నాడు అన్న.

"బోర్డు మీద రాసిన. బోర్డు మీదనే తుడ్వాలె."

"నవ్వుతరు."

"నవ్వనియ్. చూసుకొని చెప్తనన్న. చూసుకున్న. చెప్పాలె."

అన్న అమ్మ వైపు చూశాడు, ఆపుతుందేమోనని. అమ్మ బస్సు ఎన్నింటికని అడిగింది.

రెండోసారి హాల్లో సగం కూడా లేరు. పిల్లకు అప్పటికి నడక వచ్చింది. వరండాలో అమ్మను ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తిస్తోంది. వదిన గొంతు ఈసారి మొదటినుంచీ వణకలేదు. తన పాత సమీకరణాన్ని మళ్లీ బోర్డు మీద రాసి, అది ఎక్కడ విరిగిపోతుందో వరుస వరుసగా చూపించింది. అంకెలు కుదరడం ఎందుకు నమ్మకూడదో చెప్పింది. చివర్లో ఒక మాట అంది. పోయినసారి సారు అడిగిన ప్రశ్నలోనే దారి ఉందేమో, లాగినప్పుడు కొత్త జంట పుట్టి, లాగిన క్వార్కుకొకటి, లోపల మిగిలినవాటికొకటి అతుక్కుంటే, మనకు ఎప్పుడు చూసినా పూర్తి కణాలే దొరుకుతాయి తప్ప ఒంటి క్వార్కు దొరకదు. ఇది ఊహే, లెక్క నా దగ్గర లేదు, అని కూర్చుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పెద్ద ప్రొఫెసరు లేచి బోర్డు దాకా నడిచి వచ్చాడు. అంతసేపూ ఇంగ్లీషులో నడిచిన సభలో ఆయన తెలుగులో అన్నాడు.

"మొదటిదానికన్నా ఇదే బాగుందమ్మా. మా రీసెర్చి పిల్లలకు మళ్లీ ఒకసారి చెప్తారా? తప్పును ఎట్లా వెతకాలో వాళ్లు చూడాలి."

చెప్పింది. ఆయన దగ్గరే పీహెచ్.డీ.కి చేరింది. ఉద్యోగం, ఇల్లు, నల్గొండ బస్సులు, వీటి మధ్య అది పూర్తి కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పూర్తి చేసింది.

డెబ్బైల్లో బయటి దేశాల్లో అసలు సిద్ధాంతం తయారైంది. క్వార్కులను గ్లూయాన్లనే కణాలు జిగురులా పట్టి ఉంచుతాయని, దగ్గరగా ఉన్నప్పుడు వాటి మధ్య బలం సడలుతుందని, దూరం లాగితే వదలదని. వదిన ఆ వ్యాసాలు పండగలాగా చదివింది. దగ్గర కూర్చోబెట్టుకుని నాకూ చెప్పింది. అప్పటికి నేను దేవరకొండలో లెక్కల టీచర్ని. ఆమె దగ్గర చదివిన ఒకబ్బాయి ఉత్సాహంగా, "మేడం, గిది మీరు ముందుగాలనే చెప్పిండ్రు గద!" అన్నాడు. వదినకు కోపమొచ్చింది.

"నేను చెప్పలే. నేను తప్పు చెప్పిన, అది తప్పని చెప్పిన. వాళ్లు కష్టపడి కట్టిండ్రు. ఒకరి పని ఇంకొకరికి అంటగట్టకు."

అమ్మ మాత్రం ఈ తేడాలేవీ పెట్టుకోలేదు. బతికి ఉన్నన్నాళ్లూ మందల దగ్గర కూర్చున్నవాళ్లకు చెప్పేది, "లోపల మూడుంటయట, బయటికి రావట. మా కోడలు వాటి సంగతి పట్నంల పెద్ద పెద్ద సార్లకు చెప్పొచ్చింది. నేను గూడ పోయిన," అని.

అన్న పోయాక వదిన నల్గొండలో కూతురి దగ్గర ఉంది. ఈ చలికాలంలో ఒకరోజు చూడ్డానికి వెళ్లాను. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు వచ్చి ఉన్నారు. క్వార్కులు బయటికి రావని కంప్యూటర్లు లెక్క వేసి చూపిస్తున్నాయట, ఐతే ఎందుకు రావో మొదటినుంచి చివరిదాకా గణితంలో రుజువు చేసినవాళ్లు ఇంకా ఎవరూ లేరట. అదే చెబుతోంది వాళ్లకు. "ఇంక మిగిలే ఉన్నది. మీరు చెయ్యుండ్రి. ఎవరో చేస్తరని చూడకుండ్రి," అంటోంది. వాళ్లలో ఒకమ్మాయి ఏదో అడిగింది. వదిన కాగితం లాక్కుని పెన్సిలు తీసింది.

నాకు బస్సు టైమైంది. లేచి, "పోయొస్త వదినా," అన్నాను. ఆ అమ్మాయిలిద్దరూ చెరోవైపు నుంచి ఆమె భుజాల మీదుగా వంగి కాగితంలోకి చూస్తున్నారు. వరండాలో ఎండ వాళ్ల ముగ్గురి మీదా పడుతోంది. వదిన ఎడమ చెయ్యి ఎత్తి నా వైపు ఊపింది. తల మాత్రం ఎత్తలేదు, కుడిచేతిలో పెన్సిలు కదులుతూనే ఉంది.